నోరు విప్పి అడగలేని మగపిల్లల కోసం

సంపాదకులకు నమస్కారం.

నేను 22 ఏళ్ళుగా మెడికల్ షాపు నడుపుతున్నాను, మాది తెనాలి పక్కన ఒక ఊరు. పొద్దున షట్టర్ ఎత్తేసరికే మీ పేపరు గుమ్మంలో పడి ఉంటుంది. ఆరోగ్యం పేజీ నేనొక్కడినే కాదు, మందుల కోసం వచ్చి బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కూడా చదువుతారు, కొందరు చదివి నన్ను డౌట్లు అడుగుతారు. అక్టోబరు వచ్చిందంటే ఆడవాళ్ళ రొమ్ము క్యాన్సర్ గురించి రాస్తారు. రాయాలి, ఎంత రాసినా తక్కువే. కానీ మగపిల్లలకి రొమ్ములు పెరగడం గురించి ఒక డాక్టరు చేత నాలుగు ముక్కలు రాయించినట్టు నాకు గుర్తు లేదు. ఆపరేషన్ చేస్తాం, సాయంత్రానికి ఇంటికి పంపేస్తాం అనే ప్రకటనలు మాత్రం పేపర్లలో, ఫోన్లలో ఎక్కడ చూసినా కనబడుతున్నాయి. మా పిల్లలకి ఈ సంగతి మొదట చెబుతున్నది డబ్బు తీసుకుని ఆపరేషన్ చేసేవాళ్ళే. నా బాధ అదే, అందుకే ఈ ఉత్తరం.

ఈ పిల్లలు షాపుకి వచ్చే వేళ వేరు. రాత్రి తొమ్మిది దాటి, సగం లైట్లు ఆర్పేశాక వస్తారు. కౌంటర్ దగ్గర ఆడవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు వెళ్ళేదాకా చాక్లెట్ల డబ్బా వంక చూస్తూ నిలబడతారు. తర్వాత అక్కర్లేని దగ్గు బిళ్ళలేవో కొని, డబ్బులిచ్చి, అప్పుడు మెల్లగా ఫోన్ నా ముందుకి తిప్పుతారు. పోయిన నెల ఒక పిల్లవాడు చూపించిన ఫోన్లో టామాక్సిఫెన్ అని ఉంది. అది రొమ్ము క్యాన్సర్ ఉన్న ఆడవాళ్ళకి ఇచ్చే మాత్ర. "ఎవరికి బాబూ ఇది?" అన్నాను. "మా ఫ్రెండుకి అంకుల్" అన్నాడు. ఆ ఫ్రెండెవరో వాడి భుజాలు చూస్తేనే తెలుస్తోంది, రెండూ ముందుకి ఒంగిపోయి, మండుటెండల్లో కూడా చొక్కా లోపల దళసరి బనియను.

అలాంటి భుజాలు నేను ముందు మా ఇంట్లోనే చూశాను. చూశానన్న మాటే గానీ పట్టించుకోలేదు.

మా వాడికి అప్పుడు 14 ఏళ్ళు. వేసవి సెలవుల్లో మేనత్త ఊరికి వెళ్తే పిల్లలందరూ కాలవలో ఈత కొడుతుంటే వీడు గట్టు మీద చెప్పులకి కాపలా కూర్చున్నాడట. స్కూలు బ్యాగు వీపుకి కాకుండా ముందుకి తగిలించుకుని నడిచేవాడు. స్నానానికి వెళ్తే లోపలే చొక్కా తొడుక్కుని వచ్చేవాడు. పెద్దవాడవుతున్నాడు, సిగ్గు వచ్చింది అనుకున్నాం. ఒకరోజు షాపులో స్టాకు లెక్క చూస్తుంటే ఆరంగుళాల క్రేప్ బ్యాండేజీలు రెండు తగ్గాయి. పనిచేసే కుర్రాడిని అడిగి నొప్పించాను కూడా, పాపం వాడికేం తెలియదు. మర్నాడు వాళ్ళమ్మ బట్టలు ఉతుకుతుంటే మా వాడి ప్యాంటు జేబులోంచి చుట్ట చుట్టిన బ్యాండేజీ బయటపడింది. రాత్రి వాడు నిద్రపోయాక చొక్కా ఎత్తి చూస్తే చంకల కింద నుంచి చుట్టూ ఎర్రటి వాతలు, చెమటకి ఒరిసి రెండు చోట్ల తోలు లేచిపోయింది. మందుల షాపు పెట్టుకుని ఊరందరికీ సలహాలు చెప్పే నేను, నా కొడుకు నా షాపులో బ్యాండేజీ తీసుకుని రొమ్ములు బిగించి కట్టుకుంటుంటే ఐదు నెలలు కనిపెట్టలేకపోయాను.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. క్లాసులో వాడిని ఆంటీ అని పిలుస్తున్నారట. పిల్లలు సరే, డ్రిల్ పీరియడ్‌లో ఒక మాస్టారు కూడా అందరి ముందు ఒక మాట అన్నాడట, అది ఇక్కడ రాయలేను. ఆరోజు నుంచి వీడు డ్రిల్ పీరియడ్ ఉన్న రోజు కడుపునొప్పి అని మానేస్తున్నాడు.

ఇక నేను చేసిన రెండో తప్పు. కంగారులో ప్రకటన చూసి ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరు కంటే ముందు కౌన్సెలర్ అనే, సలహాలు చెప్పే అమ్మాయి మాట్లాడింది, పిల్లవాడిని చొక్కా విప్పించి మూడు ఫోటోలు తీశారు, గ్రేడ్ టూ, అంటే మధ్యరకం వాపు అన్నారు, 70 వేలు అవుతుంది, వాయిదాల్లో కట్టొచ్చు, ఈ వారం బుక్ చేస్తే 10 వేలు తగ్గిస్తాం అన్నారు. ఏమైనా మందులు వాడుతున్నాడా అని అడగలేదు, ఎన్నాళ్ళ నుంచి ఉంది అని అడగలేదు, చేత్తో ముట్టుకుని చూడలేదు. పద్నాలుగేళ్ళ పిల్లవాడికి! నేను అడ్వాన్స్ కట్టడానికి కార్డు తీశాను కూడా. మా వాడు నా చెయ్యి పట్టుకుని "నాన్నా, ఇంకో డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు. వాడికి ఆపరేషనంటే భయం వేసి అన్నాడు గానీ, ఆ మాటే మమ్మల్ని కాపాడింది.

తర్వాత గవర్నమెంటు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు దగ్గర మూడు గంటలు క్యూలో కూర్చున్నాం. ఆయన చూసింది పది నిమిషాలే. పిల్లవాడిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి చేతులు తల కింద పెట్టుకోమన్నారు. బొటనవేలూ చూపుడువేలూ రెండు పక్కల నుంచి చనుమొన వైపు మెల్లగా దగ్గరికి తెచ్చారు. కొవ్వయితే వేళ్ళు ఏ అడ్డూ లేకుండా కలుసుకుంటాయి, రొమ్ము గ్రంథి పెరిగితే చనుమొన కింద గుండ్రంగా, రబ్బరు బిళ్ళలా చేతికి తగులుతుంది. నా వేళ్ళు పట్టుకుని నాకూ చూపించారు. నిజంగానే పాత అర్ధరూపాయి బిళ్ళంత, మెత్తగా కదులుతూ, ముట్టుకుంటే పిల్లవాడికి కొంచెం నొప్పి. తర్వాత నన్ను బయటికి పంపి బీజాలు (వృషణాలు) కూడా పరీక్ష చేశారు, అది తప్పనిసరిగా చూడాలట. ఎత్తు, బరువు, గొంతు మారిందా లేదా, వాడే మందులు, అన్నీ అడిగి, "ఏ రోగమూ లేదు, ఆరు నెలల తర్వాత రండి" అన్నారు. పిల్లవాడి వైపు తిరిగి "బాబూ, నీ క్లాసులో సగం మందికి ఎంతో కొంత ఇది వచ్చే ఉంటుంది, వాళ్ళూ నీలాగే దాచుకుంటున్నారు" అన్నారు. ఆ మాటతో మా వాడి ముఖం ఎలా తేటపడిందో నేను రాయలేను.

ఆయన చెప్పింది, తర్వాత నేను చదివి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను. దీన్ని గైనకోమాస్టియా అంటారు. మగవాళ్ళకీ రొమ్ము గ్రంథి కొద్దిగా ఉంటుంది. మగ హార్మోను టెస్టోస్టిరాన్‌తో పాటు ఆడ హార్మోను ఈస్ట్రోజన్ కూడా మగ ఒంట్లో తయారవుతుంది. ఈ రెండిటి తూకంలో ఈస్ట్రోజన్ వైపు మొగ్గు వచ్చినప్పుడు ఆ గ్రంథి పెరుగుతుంది. యుక్తవయసు మొదలయ్యేటప్పుడు ఈ తూకం కొన్నాళ్ళు అటూ ఇటూ ఊగుతుంది, అందుకే 13, 14 ఏళ్ళ దగ్గర ఇది ఎక్కువగా కనబడుతుంది. మగపిల్లల్లో దాదాపు సగం మందికి, కొన్ని లెక్కల్లో ఇంకా ఎక్కువమందికి వస్తుంది. ఒక్కోసారి ఒక పక్కే వచ్చి, రెండో పక్క ఆలస్యంగా వస్తుంది. చాలామందికి 6 నెలల నుంచి 2 ఏళ్ళ లోపు దానంతటదే తగ్గిపోతుంది. 17 ఏళ్ళు దాటేసరికి కొద్దిమందికే మిగులుతుంది. ఇది మగతనానికి సంబంధించిన లోపం కాదు, చేతులారా చేసుకున్న తప్పేదో ఫలితంగా వచ్చింది అసలే కాదు. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే మా షాపుకి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది లోలోపల కుమిలేది ఆ అపోహతోనే.

కొత్త జబ్బు కూడా కాదు. ఏడో శతాబ్దంలోనే పౌలస్ అనే గ్రీకు వైద్యుడు మగవాళ్ళ రొమ్ము తగ్గించే శస్త్రచికిత్స గురించి రాశాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆకలితో మాడిన ఖైదీలు విడుదలై కడుపునిండా తినడం మొదలుపెట్టాక వాళ్ళలో చాలామందికి రొమ్ములు వాచాయి. తిండి అందగానే హార్మోన్లు మళ్ళీ పని మొదలుపెట్టడంతో అలా జరిగింది, యుక్తవయసు ఇంకోసారి వచ్చినట్టు.

లావుగా ఉన్న పిల్లల్లో కొన్నిసార్లు గ్రంథి పెరగదు, అది ఉత్త కొవ్వే. అప్పుడు ఒళ్ళు తగ్గితే అదీ తగ్గుతుంది. కానీ కొవ్వులో ఉండే ఒక ఎంజైము మగ హార్మోనుని ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది కాబట్టి రెండూ కలిసి ఉండటమూ మామూలే. గ్రంథి పెరిగినవాడు రోజుకి వంద దండీలు తీసినా ఆ బిళ్ళ కరగదు. ఇది తెలియక ఎంతమంది పిల్లలు జిమ్ముల్లో ఒళ్ళు హూనం చేసుకుంటున్నారో. అక్కడ ఎవరో ఒకరు ఒక ఇంజెక్షన్ చెబుతారు, కండ త్వరగా వస్తుందని. అవి మగ హార్మోనులా పనిచేసే స్టెరాయిడ్లు, వాటిలో కొన్ని ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారతాయి, ఆపేశాక సొంత టెస్టోస్టిరాన్ పడిపోయి ఉంటుంది, దాంతో రొమ్ము ఇంకా పెరుగుతుంది. ఛాతీ తగ్గించుకుందామని జిమ్ములో చేరి ఇంకా పెద్ద రొమ్ముతో నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్ళు ఉన్నారు, ఇద్దరు కాదు ముగ్గురు కాదు.

మందుల షాపువాడిగా మందుల సంగతి చెప్పడం నా బాధ్యత. గుండె జబ్బులో కాళ్ళకి నీరు పట్టినవాళ్ళకి, లివర్ చెడి పొట్టలో నీరు చేరినవాళ్ళకి ఇచ్చే స్పైరనోలాక్టోన్, ప్రొస్టేట్ గ్రంథి వాపుకి, జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్, ప్రొస్టేట్ క్యాన్సర్‌కి ఇచ్చే బైకాలుటమైడ్, ఫంగస్‌కి వాడే కీటోకొనజోల్ మాత్రలు, మానసిక సమస్యలకి ఇచ్చే రిస్పెరిడోన్, హెచ్‌ఐవీకి వాడిన ఎఫావిరెంజ్, ఇవన్నీ కొందరిలో రొమ్ము పెంచుతాయి. మా పక్క వీధిలో ఒక పెద్దాయన స్పైరనోలాక్టోన్ మొదలుపెట్టిన కొన్ని నెలలకి ఛాతీ మీద గడ్డ తగిలితే క్యాన్సరే అనుకుని, ఇంట్లో చెప్పకుండా, అన్నం సయించక సగమయ్యారు. బిల్లు రాస్తుంటే పొరపాటున చెయ్యి తగిలి అబ్బా అన్నారు, అలా అడిగితే చెప్పారు. గుండె డాక్టరు దగ్గరికి పంపితే మందు మార్చి ఎప్లెరినోన్ రాశారు, అందులో ఈ ఇబ్బంది చాలా తక్కువ. కొన్ని వారాల్లో నొప్పి పోయింది. అయితే ఇది చదివి ఎవరూ మందు సొంతంగా ఆపకండి, గుండె మందు హఠాత్తుగా ఆపితే ఈ గడ్డ కంటే పెద్ద ప్రమాదం ముంచుకొస్తుంది. స్ట్రిప్పు పట్టుకెళ్ళి రాసిన డాక్టరునే అడగండి.

మందులు కాక, లివర్ చెడినా (మన దగ్గర తాగుడు వల్ల ఎక్కువ), కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వచ్చినా, థైరాయిడ్ మరీ ఎక్కువైనా ఇది రావచ్చు. బీజాల్లో కణితి ఉంటే మొదటి గుర్తు ఒక్కోసారి రొమ్ము వాపే అవుతుంది, అందుకే ఆ డాక్టరు బీజాలు చూశారు. పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోము ఎక్కువుండే క్లైన్‌ఫెల్టర్ అనే పరిస్థితి ఉంది, దాదాపు 600 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది, చాలామందికి పిల్లలు పుట్టడం లేదని పెళ్ళయ్యాక పరీక్షలకి వెళ్తే గానీ తెలియదు. కాబట్టి యుక్తవయసు దాటినవాడికి కొత్తగా వచ్చినా, వేగంగా పెరుగుతున్నా రక్తపరీక్షలు, అవసరమైతే స్కానింగ్ చేయించాలి. గడ్డ చనుమొన కింద కాకుండా పక్కకి ఉండి రాయిలా గట్టిగా తగిలితే, కదలకపోతే, పైన చర్మం లోపలికి లాగినట్టున్నా, మొన నుంచి రక్తం వచ్చినా, చంకలో బిళ్ళ కట్టినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో మగవాళ్ళవి నూటికి ఒకటి కూడా ఉండవు, కానీ ఉన్నాయి, మగవాళ్ళకి రాదులే అని ఊరుకోవడం వల్లే ఆలస్యంగా బయటపడతాయి.

పసిబిడ్డల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పుట్టిన కొద్దిరోజులకి బిడ్డ చన్నులు ఉబ్బి రెండు చుక్కలు పాలలాంటివి వస్తే, నీళ్ళు పోసే అమ్మమ్మలు వాటిని పిండుతారు, పిండకపోతే మగపిల్లాడికి పెద్దయ్యాక రొమ్ములొస్తాయని. అది తల్లి హార్మోను బిడ్డకి చేరడం వల్ల వచ్చే వాపు, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. పిండితే చీము పడుతుంది. చీము పట్టిన ఇరవై రోజుల బిడ్డకి యాంటీబయోటిక్ చుక్కలు కొనడానికి వచ్చిన తండ్రులని చూశాను. దయచేసి పిండకండి.

చికిత్స సంగతికొస్తే, వచ్చిన కొత్తలో నొప్పి, వాపు బాగా ఉన్నవాళ్ళకి హార్మోన్ల డాక్టర్లు ఒక్కోసారి ఆ టామాక్సిఫెన్నే కొన్ని నెలలు ఇస్తారు. ఏడాది దాటాక గ్రంథి గట్టిపడి నారలా మారిపోతుంది, అప్పుడు మాత్రలు పెద్దగా పనిచేయవు. ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అనేది చూసిన డాక్టరు చెప్పాల్సింది, ఫోన్ చూసి నేను చీటీ లేకుండా ఇవ్వాల్సింది కాదు. రాసుకునే క్రీములతో గ్రంథి కరిగినవాళ్ళని ఇన్నేళ్ళలో నేనొక్కరినీ చూడలేదు.

ఆపరేషన్ తప్పని నేను అనడం లేదు. ఎదుగుదల పూర్తయ్యాక కూడా తగ్గనివాళ్ళకి అది మంచి దారే. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున చిన్న కోత పెట్టి గ్రంథిని తీసేస్తారు, చుట్టూ ఉన్న కొవ్వుని గొట్టంతో లాగేస్తారు, తర్వాత కొన్ని వారాలు బిగుతు జాకెట్ లాంటిది వేసుకోవాలి. రక్తం గూడు కట్టడం, మొన దగ్గర స్పర్శ తగ్గడం, మరీ ఎక్కువ తీసేస్తే అక్కడ సొట్ట పడటం లాంటి ఇబ్బందులు ఉంటాయి. వాటి గురించి ముందే చెప్పే ప్లాస్టిక్ సర్జను దగ్గరే చేయించుకోవాలి. ఎదిగే వయసులో తొందరపడి చేస్తే మళ్ళీ పెరగవచ్చు కూడా. డబ్బు లేనివాళ్ళు ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉన్న గవర్నమెంటు ఆసుపత్రిలో అడగాలి. ఇన్సూరెన్స్ వాళ్ళు ఇది అందం కోసం చేయించుకునేది అని చాలాసార్లు కాదంటారు, నాకది అన్యాయంగా అనిపిస్తుంది.

ఎందుకంటే ఇది అందం గొడవ కాదు. రెండేళ్ళ కిందట ఒక కుర్రాడు వచ్చాడు, మంచి ఉద్యోగం, నెల రోజుల్లో పెళ్ళి. మంగళస్నానం రోజు చొక్కా విప్పించి అందరూ నలుగు పెడతారు అంకుల్, ఫోటోలు తీస్తారు, ఏదైనా మందు చెప్పండి, లేకపోతే పెళ్ళే వద్దంటాను అన్నాడు. పదమూడేళ్ళ వయసులో మొదలైనదట. అంటే 14 ఏళ్ళు ఎవరికీ చెప్పకుండా మోశాడు. వాళ్ళ నాన్న నాకు తెలుసు, కొడుకంటే ప్రాణం పెడతాడు. ఆయనతో నువ్వు చెప్పు, లేకపోతే నేను చెబుతాను అన్నాను. తర్వాత తండ్రీ కొడుకూ ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళారు, పెళ్ళివారితో ఏదో చెప్పి మంగళస్నానం ఇంట్లోవాళ్ళ మధ్యే తలుపులేసి కానిచ్చారు, ఆపరేషన్ తర్వాత తీరిగ్గా చేయించుకున్నాడు.

మా వాడికి ఇప్పుడు 16. కుడివైపు పూర్తిగా పోయింది, ఎడమవైపు చేత్తో నొక్కితే తప్ప తెలియదు. అయినా ఇప్పటికీ కాలవ గట్టు మీదే కూర్చుంటున్నాడు, నేను బలవంతం చేయడం లేదు. స్కూలుకి మాత్రం వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మాట్లాడాను. ఆ మాస్టారు నా ఎదుట సరదాగా అన్నాను సార్ అన్నాడు. మీ సరదాకి మా వాడి ఒంటి మీద వాతలు పడ్డాయి అని చెప్పి వచ్చాను.

సంపాదకుల వారికి నా విన్నపం ఒక్కటే. మీ ఆరోగ్యం పేజీలో ఒక రోజు దీనికి కేటాయించండి. హార్మోన్ల డాక్టరు ఒకరు, ప్లాస్టిక్ సర్జన్ ఒకరు, వీలైతే పిల్లల మనసు తెలిసిన సైకాలజిస్టు ఒకరు రాస్తే బాగుంటుంది. పెద్దక్షరాల్లో వేయండి, బొమ్మ వేస్తే మర్యాదగా ఉండేది వేయండి. పిల్లవాడి కోసం నా పేరు అచ్చువేయవద్దని మనవి. ఆ పేజీ వచ్చిన రోజున కత్తిరించి చాక్లెట్ల డబ్బా పైన, కళ్ళకి తగిలేలా అంటిస్తాను. రాత్రి తొమ్మిదింటికి వచ్చి అక్కడ నిలబడే పిల్లలు అడగకుండానే చదువుకుంటారు.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని, గుంటూరు జిల్లా